నాన్న నడిపితే పడే గేర్లు నాకెందుకు పడటం లేదు?

నాన్నబండి

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం వింతగా ఉంటుంది, నవ్వుకోకుండా చదవండి.

కారు 2006 మోడల్. పెట్రోల్, అయిదు గేర్లు, ముందు చక్రాలు లాగే రకం. క్లచ్ కేబుల్ది కాదు, ఆయిల్‌తో పనిచేసేది. 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. 95,000 దగ్గర క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మార్చినట్టు నాన్న డైరీలో ఉంది (ఆయన ప్రతి లీటరూ రాసిపెట్టే మనిషి). ఇన్నాళ్లూ ఆయన ఒక్కరే నడిపారు. డెబ్బై దాటాక రోడ్డెక్కడం మానేసి తాళాలు నాకిచ్చారు. రెండు నెలలైంది.

సమస్య ఏమిటంటే, బండి ఆగి ఉన్నప్పుడు ఫస్ట్ గేర్ పడదు. గేర్ రాడ్‌ని మోచేతి బలంతో తోయాలి. రివర్స్ అయితే కర్ర్‌మని అరిచి మరీ పడుతుంది. రోడ్డు మీద మూడు, నాలుగు, అయిదు పర్వాలేదు. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు మాత్రం చేతికి గరగర తగులుతుంది. ట్రాఫిక్‌లో ఇంజిన్ బాగా వేడెక్కాక ఇంకా మొండికేస్తుంది. సిగ్నల్ దగ్గర ఒక్కోసారి ఇంజిన్ ఆపి, గేర్ వేసి, మళ్లీ స్టార్ట్ చేసుకుంటున్నాను. వెనకాల హారన్లు, నాకు టెన్షన్.

ఇక వింత సంగతి. ఇదే బండిని ఇంటి ముందు నాన్న స్టార్ట్ చేసి వెనక్కీ ముందుకీ తీస్తే గేర్లు వెన్నలా పడుతున్నాయి! "నీకు క్లచ్ తొక్కడం రాదు" అని తేల్చేశారు. నేను పన్నెండేళ్లుగా వేరే బళ్లు నడుపుతున్నాను, ఎప్పుడూ ఈ బాధ లేదు.

ఒక మెకానిక్ బండిని రెండు నిమిషాలు తిప్పి, "గేర్ బాక్స్ దించాలి, లోపల రింగులు పోయాయి" అన్నారు. ఇంకొకరు క్లచ్ సెట్ మొత్తం మార్చమన్నారు. ఇద్దరూ బోనెట్ ఎత్తలేదు. ఎవరిది నమ్మాలి?

ఓవర్‌టేక్

మేడమ్, ముందు గేర్ ఆయిల్ మార్చండి. 1,42,000కి ఒక్కసారి కూడా మార్చి ఉండరు. జీఎల్-5 ఆయిల్, చిక్కటిది పోయించండి. నా బండిలో అలా చేశాక శబ్దం సగం తగ్గింది.

పాతపానా

ఓవర్‌టేక్ గారూ, ఆయిల్ మార్చడం మంచిదే కానీ జీఎల్-5 అని గుడ్డిగా చెప్పకండి. అందులో సల్ఫర్, ఫాస్ఫరస్ మందు ఎక్కువ. అది చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్‌లో ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగే పళ్ల కోసం చేసింది. సింక్రో రింగులు, అంటే గేర్ పడేముందు లోపల తిరిగే వేగాల్ని సమానం చేసే రింగులు, పనిచేసేదే రాపిడితో. వాటికి మరీ జారుడు ఆయిల్ పోస్తే అవి పట్టు దొరక్క ఇంకా ఆలస్యం చేస్తాయి. పైగా చాలా పాత బాక్సుల్లో ఆ రింగులు ఇత్తడివి, కొన్ని రకాల జీఎల్-5 ఇత్తడిని తినేస్తుంది. బండితో వచ్చిన పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 పోయాలి. చిక్కదనం 75డబ్ల్యూ-80 అని ఉంటే అదే. కొన్ని బాక్సులు ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్‌తో, కొన్ని ఇంజిన్ ఆయిల్‌తో కూడా నడుస్తాయి. శబ్దం తగ్గించడానికి చిక్కటి ఆయిల్ పోయడమంటే, తలుపు కిర్రుమంటోందని చెవిలో దూది పెట్టుకున్నట్టు.

ఇప్పుడు అమ్మాయి సంగతి.

అమ్మా, నేను ముప్పై ఏళ్లు గేర్ బాక్సులు దించాను. దించనక్కర్లేనివి కూడా దించాను, తెలియని రోజుల్లో. ఒకసారి సాయంత్రం దాకా కష్టపడి బాక్స్ దించి, విప్పి చూసి, ఏమీ దొరక్క మళ్లీ ఎక్కించాను. తీరా చూస్తే పాత మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేసి ఉంది, క్లచ్ పెడల్ కింద మడత పడింది. పెడల్ అడుగుదాకా వెళ్లట్లేదు, అంతే. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పరీక్ష, మ్యాట్ తీసి పక్కన పడేయడం. నవ్వకండి.

రెండోది, ఇంజిన్ ఆపేసి క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కూడా రాడ్ మొండికేస్తే తప్పు రాడ్‌కీ బాక్స్‌కీ మధ్య ఉంది. గేర్ కేబుల్ తుప్పు పట్టడం, చివర ప్లాస్టిక్ బుష్ అరగడం, గేర్ బాక్స్ మౌంటింగ్ తెగి బాక్స్ ఒక పక్కకి ఒరగడం, ఇలాంటివి. ఒక్క గేరే అడ్డం తగిలితే తొందరపడకండి. లోపల పళ్లు ఎదురెదురుగా నిలబడి ఉండొచ్చు. బండిని అర అడుగు నెట్టి మళ్లీ వేయండి.

ఇంజిన్ ఆపినప్పుడు హాయిగా పడి, నడుస్తున్నప్పుడే పడకపోతే అది వేరే కథ. మీరు రాసినదాన్ని బట్టి మీ కథ ఇదే. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపి గేర్ వేస్తున్నానన్నారు చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. పెడల్ తొక్కినా క్లచ్ పూర్తిగా విడటం లేదన్నమాట. ప్లేట్ ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్‌కి కొద్దిగా రాసుకుంటూనే ఉంటుంది, గేర్ బాక్స్ లోపలికి వెళ్లే షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. తిరిగే షాఫ్ట్‌ని ఆగి ఉన్న చక్రాలతో కలపమంటే పాపం సింక్రో రింగు ఎంతని ఆపగలదు? దాని పని షాఫ్ట్ వేగాన్ని సర్దడం, ఇంజిన్‌తో కుస్తీ పట్టడం కాదు.

దీన్ని రివర్స్ గేర్‌తో రుజువు చేసుకోవచ్చు. చాలా పాత బాక్సుల్లో రివర్స్‌కి సింక్రో ఉండదు, అందుకే అది అబద్ధం చెప్పదు. ఇంజిన్ స్లోలో పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కండి. గేర్ వేయకుండా పది దాకా లెక్కపెట్టండి. ఈలోపు షాఫ్ట్ దానంతటదే ఆగిపోవాలి. అప్పుడు మెల్లగా రివర్స్ వేయండి. చప్పుడు లేకుండా పడితే క్లచ్ విడుతున్నట్టు. పది లెక్కపెట్టాక కూడా కర్ర్‌మంటే ఏదో ఆ షాఫ్ట్‌ని ఇంకా తిప్పుతున్నట్టు.

తర్వాత మనుషులు లేని చదునైన చోట, ఫస్ట్ గేర్ వేసి క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచండి. కుడికాలు బ్రేక్ మీద సిద్ధంగా ఉండాలి, తొక్కకూడదు. ఒక నిమిషం ఆగండి. బండి ముందుకి పాకుతోందా? మొదట్లో కదలకుండా ఉండి కొంతసేపటికి పాకుతోందా? ఈ రెంటికీ తేడా ఉంది, గమనించి రాయండి.

చివరిగా, మీ నాన్నగారు నడిపేటప్పుడు పక్క సీట్లో కూర్చుని ఆయన చేతిని కాదు, ఎడమ కాలిని చూడండి.

నాన్నబండి

పాతపానా గారూ, మీ చివరి మాట చదివి రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే అన్నీ చేశాను.

మ్యాట్ ఒక్కటే ఉంది, అడ్డం లేదు. ఇంజిన్ ఆపి వేస్తే అయిదు గేర్లూ, రివర్సూ వేలితో తోస్తే పడ్డాయి. ఇంజిన్ నడుస్తుండగా పది లెక్కపెట్టి రివర్స్ వేస్తే అదే కర్ర్. పదిహేను లెక్కపెట్టినా అంతే. ఫస్ట్ గేర్‌లో క్లచ్ తొక్కి ఉంచితే మొదట కదల్లేదు, ఓ ఇరవై సెకన్లకి ముక్కు ముందుకి లాగడం మొదలుపెట్టింది. బ్రేక్ తొక్కాను. అప్పుడు గమనించాను, పెడల్ నా కాలి కింద మెత్తగా ఉంది, అలాగే నొక్కి ఉంచితే ఇంకా కిందికి దిగుతున్నట్టుంది.

ఇక నాన్న కాలు. ఆయన క్లచ్ రెండుసార్లు తొక్కుతారు! ఒకసారి టక్కున సగం దాకా తొక్కి వదిలి, వెంటనే రెండోసారి పూర్తిగా. అడిగితే "నేనెక్కడ తొక్కాను?" అంటారు. వీడియో తీసి చూపిస్తే నిజంగానే ఆశ్చర్యపోయారు. ఎప్పుడు అలవాటైందో ఆయనకే తెలియదు. నేనూ అలాగే రెండుసార్లు తొక్కి చూశాను. ఫస్ట్ గేర్ పడింది. రివర్స్ కూడా చప్పుడు లేకుండా పడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతకీ అంటే ఏమిటి? గేర్ బాక్స్ బాగున్నట్టేనా?

పాతపానా

మీ నాన్నగారి కాలు మెకానిక్ కంటే తెలివైనది. బండి కొద్దికొద్దిగా చెడిపోతుంటే మనిషి కొద్దికొద్దిగా సర్దుకుపోతాడు. తనకే తెలియదు. కొత్తవాళ్లు ఎక్కితేనే బయటపడుతుంది.

రెండుసార్లు తొక్కితే క్లచ్ విడుతోందంటే ప్లేట్‌కీ ప్రెషర్ ప్లేట్‌కీ ఇప్పటికి నమస్కారం పెట్టి పక్కన ఉంచండి. సమస్య ఆయిల్ దారిలో ఉంది. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్ ఉంటుంది, గేర్ బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్ ఉంటుంది, మధ్యలో పైపు. పైన మీరు తోసినంత ఆయిల్ కింద స్లేవ్‌కి చేరాలి. చేరకపోతే క్లచ్‌ని విడదీసే ఫోర్క్ పూర్తిగా కదలదు, క్లచ్ సగమే విడుతుంది. చేరకపోవడానికి నాకు తెలిసినవి మూడు. లైన్లో గాలి ఉంటే ఆయిల్ తోయాల్సిందిపోయి గాలి నలుగుతుంది. ఎక్కడో కారుతుంటే చెప్పక్కర్లేదు. మాస్టర్ లోపలి రబ్బరు వాషర్ అరిగితే ఆయిల్ ముందుకి వెళ్లకుండా ఆ వాషర్ పక్క నుంచే వెనక్కి జారిపోతుంది. తొక్కి ఉంచితే పెడల్ దిగిపోవడం, ఇరవై సెకన్లకి బండి పాకడం ఈ మూడోదాని లక్షణం. రబ్బరు పైపు పాతబడి తొక్కినప్పుడల్లా బెలూన్‌లా ఉబ్బడం కూడా చూశాను, కానీ అరుదు.

బోనెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడండి. చాలా బళ్లలో బ్రేక్‌కీ క్లచ్‌కీ ఒకటే డబ్బా. క్లచ్‌కి వెళ్లే గొట్టం కొంచెం ఎత్తులో ఉంటుంది, ఆయిల్ తగ్గితే ముందు క్లచ్ పోతుంది కానీ బ్రేక్‌కి మిగులుతుంది. అలా తయారు చేసినవాళ్ల ముందుచూపుకి దండం. స్లేవ్ బయట ఉండే రకమైతే దాని రబ్బరు తొడుగు కొద్దిగా ఎత్తి చూడండి, లోపల తడి ఉండకూడదు. ఎవరినైనా పెడల్ తొక్కమని, స్లేవ్ రాడ్ ఎంత బయటికొస్తోందో స్కేలు పెట్టి కొలవండి. ఒకసారి తొక్కినప్పుడూ, రెండుసార్లు తొక్కినప్పుడూ. తేడా మీకే కనిపిస్తుంది. చేతులు ఫోర్క్ దగ్గర పెట్టకండి, నలిగిపోతాయి.

నాన్నబండి

డబ్బా ఒకటే. ఆయిల్ కనిష్ఠం గీత కంటే కొద్దిగా కింద ఉంది, రంగు టీ డికాషన్‌లా ఉంది. స్లేవ్ బయటే ఉంది, తొడుగు కింద పొడిగా ఉంది. నాన్న తొక్కారు, నేను కొలిచాను. ఒక్కసారి తొక్కితే రాడ్ 8 మిల్లీమీటర్లు, రెండుసార్లు తొక్కితే 13. బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచాను, ఒక్క చుక్క లేదు. పైపుల మీద కూడా తడి లేదు. మరి తగ్గిన ఆయిల్ ఎక్కడికి పోయింది?

నూనెమరక

అక్కా, నేను మూడు నెలలు ఇదే వెతికాను. బయట వెతక్కండి. డ్రైవర్ సీటు ముందు, పెడళ్ల కింద కార్పెట్ ఎత్తి చేయి పెట్టి చూడండి. మాస్టర్ సిలిండర్ వెనక సీల్ పోతే ఆయిల్ ఇంజిన్ వైపు కాదు, పెడల్ రాడ్ వెంబడి కారు లోపలికి కారుతుంది. పైన మ్యాట్ పొడిగానే ఉంటుంది, కింద స్పాంజి పీల్చేస్తుంది. నా దానిలో కార్పెట్ పిండితే కారింది. అడుగు రేకు మీద పెయింట్ కూడా బుడగలొచ్చి ఊడింది, బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆయిల్ పడిన చోట నీళ్లతో తుడవండి.

ఇంకో మాట. డబ్బా ఒకటే అన్నారు కాబట్టి ఆయిల్ తగ్గుతూ పోతే తర్వాతి వంతు బ్రేకులది. "నడుస్తోంది కదా" అని వదిలేయకండి.

నాన్నబండి

దొరికింది!! పెడల్ పైన టార్చ్ వేసి చూస్తే రాడ్ మీద జిడ్డు. కార్పెట్ కింద స్పాంజి తడి, ఒక రకమైన చేప నూనె వాసన. ఇన్నాళ్లూ ఆ వాసన నాన్న చెప్పులదనుకున్నాను. పాపం ఆయనకి సారీ చెప్పాను.

ఇప్పుడు మాస్టర్ ఒక్కటి మారిస్తే చాలా, లోపలి వాషర్ల కిట్ సరిపోతుందా?

పాతపానా

సిలిండర్ లోపల గోడ అద్దంలా ఉంటే కిట్ సరిపోతుంది. ఈ వయసు బండికి సాధారణంగా తుప్పు గుంటలుంటాయి, కొత్త వాషర్‌ని ఆ గుంటలే మళ్లీ కోసేస్తాయి. కొత్త మాస్టర్ వేయించండి. స్లేవ్ కూడా అదే వయసుది, పైన కొత్తది బలంగా తోస్తే కింద పాతది కొన్నాళ్లకి కారడం మొదలుపెడుతుంది. బయట ఉన్న స్లేవే కాబట్టి రెండూ ఒకేసారి అయిపోతే మంచిది. అదే స్లేవ్ బాక్స్ లోపల, షాఫ్ట్ చుట్టూ ఉండే రకమైతే అప్పుడు నిజంగానే బాక్స్ దించాలి, మీకు ఆ బాధ తప్పింది.

ఆయిల్ డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అదే, డాట్ 3 లేదా డాట్ 4. డాట్ 5 అని విడిగా అమ్మేది సిలికాన్ రకం, వీటితో కలవదు, పొరపాటున కూడా పోయనీయకండి. సీల్ తీసి నెలల తరబడి షెల్ఫ్‌లో ఉన్న డబ్బా వద్దు, అది గాలిలో తేమ పీలుస్తుంది. మీ పాత ఆయిల్ డికాషన్‌లా ఉండటానికీ, వేడెక్కాక మొండితనం పెరగడానికీ ఆ తేమ హస్తం కొంత ఉండొచ్చు.

ఎయిర్ తీసేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు తొక్కి పట్టుకుంటే రెండోవారు స్లేవ్ మీద గాలి వదిలే నిప్పిల్ వదులు చేయాలి, బుడగలు వచ్చాక బిగించాలి, అప్పుడే పెడల్ పైకి వదలాలి. పెడల్ కింద ఇరుక్కుపోతే చేత్తో పైకి లాగండి. మధ్యలో డబ్బా ఖాళీ అయిందా, మళ్లీ మొదటికి.

ఒక్క సంగతి మాత్రం మెకానిక్ పక్కన నిలబడి చూడండి. కొత్త మాస్టర్ పెట్టాక పెడల్ రాడ్‌కి కొద్దిపాటి ఖాళీ ఆట ఉండాలి, చేత్తో నొక్కితే కొన్ని మిల్లీమీటర్లు ఊరికే కదలాలి. "ఇంకా బాగా విడుతుంది" అని ఆ ఆట మొత్తం తీసేస్తే లోపల ఆయిల్ వెనక్కి వచ్చే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. ఆయిల్ వేడెక్కి వ్యాకోచించినప్పుడు పోవడానికి దారుండదు, క్లచ్ ఎప్పుడూ కాస్త తొక్కినట్టే ఉంటుంది. ఇప్పుడు విడని క్లచ్, అప్పుడు పట్టని క్లచ్ అవుతుంది. ప్లేట్ కాలిపోతుంది.

నాన్నబండి

పది రోజులు రాయలేకపోయాను, క్షమించండి. మాస్టర్, స్లేవ్, మధ్య రబ్బరు పైపు మార్పించాను. మెకానిక్ "మేడమ్, మీకు ఇదంతా ఎవరు చెప్పారు?" అన్నారు. పెడల్ ఆట విషయం నేనే గుర్తుచేశాను. ఇప్పుడు ఫస్ట్, రివర్స్ ఒక్కసారి తొక్కితే పడుతున్నాయి. రాడ్ కొలిచాను, 14 మిల్లీమీటర్లు. ఫస్ట్ గేర్‌లో నిమిషంన్నర తొక్కి ఉంచినా కదల్లేదు. కార్పెట్ విప్పి ఎండలో ఆరేశాను.

గేర్ ఆయిల్ కూడా మార్చాం, జీఎల్-4. పాత ఆయిల్ నల్లగా వచ్చింది. డ్రెయిన్ బోల్ట్ అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుంది, ముక్కలేమీ లేవు. ఆయిల్‌ని ఎండలో చూస్తే అక్కడక్కడా పసుపు మెరుపు.

ఒక్కటే మిగిలింది. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు ఆ గరగర తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

పాతపానా

బూడిద ముద్ద మామూలే. పసుపు మెరుపు రెండో గేర్ సింక్రో రింగుది. క్లచ్ విడకుండా అన్నాళ్లు నడిచింది కదా, ఆ భారమంతా అదే మోసింది. మొదటి మెకానిక్ అన్నది పూర్తిగా అబద్ధం కాదన్నమాట, కాకపోతే జబ్బుని వదిలి నీరసానికి మందిస్తానన్నాడు.

నిర్ధారించుకోవాలంటే రెండుకి దించేటప్పుడు ఇలా చేయండి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి రెండో గేర్ వేయండి. చప్పుడు లేకుండా జారిపోతే రింగు అరిగినట్టే, ఎందుకంటే ఆ రింగు చేయాల్సిన పని మీ కాలు చేసిపెట్టింది. ఆ ఒక్క గేర్ కోసం ఇప్పుడే బాక్స్ విప్పక్కర్లేదు. వేగం బాగా తగ్గాకే రెండుకి దించండి, రాడ్‌ని బలవంతంగా తోయకండి, ఊరికే ఉన్నప్పుడు చేయి రాడ్ మీద పెట్టుకోకండి, ఆ బరువుకి లోపల గేర్లని జరిపే ఫోర్కులు అరుగుతాయి. రెండో గేర్ వేశాక దానంతటదే న్యూట్రల్‌కి ఎగిరిపోవడం మొదలైతే అప్పుడు దించుదాం.

నాన్నబండి

చేశాను. జారిపోయింది, అస్సలు చప్పుడు లేదు.

నిన్న నాన్నని ఇంటి ముందు ఒక్కసారి నడిపి చూడమన్నాను. స్టార్ట్ చేశారు, టక్ టక్ అని రెండుసార్లు తొక్కారు, గేర్ వేశారు. "చూశావా, నేను ముందే చెప్పాను, బండిలో ఏమీ లేదు" అన్నారు.